కోత పండుగకి పోయిన నా గేమ్ పుస్తకం

పాతికేళ్ళ పైచిలుకుగా ఈ విషయం నన్ను ఒక్కరూ అడగలేదు. తుఫానుకి మా ఇంటి పెంకులు ఎన్ని ఎగిరిపోయాయో అడిగారు. మా వీధిలో మొదటి ఫోను ఎవరింటికి వచ్చిందో అడిగారు. క్రితం ఏడాది మా చర్చి వాళ్ళు జ్ఞాపకాల సంచిక వేస్తూ ఊళ్ళో రాయడం వచ్చిన ప్రతివాడినీ రెండు పేజీలు రాసిమ్మన్నారు. నేను పద్నాలుగు పేజీలు రాసిచ్చాను. సంచిక అచ్చయి వచ్చాక చూస్తే నా పేజీలు లేవు. వాటి బదులు ఎప్పుడో స్కూలు పిక్నిక్‌లో నేను పులిహోర తింటున్న ఫోటో వేశారు. ఇదేమిటని సంచిక వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

విషయం చిన్నది. నా దగ్గర ఒక కంప్యూటర్ గేము ఉండేది. దానితోపాటు వచ్చిన అచ్చు పుస్తకం ఒకటి ఉండేది. ఆ పుస్తకాన్ని మా అక్క భర్త, అంటే మా బావగారు, నా బల్ల మీంచి నాకు చెప్పకుండా తీసుకుపోయారు. "తీశాను" అని ఆయన ఇంతవరకూ అనలేదు. ఆ ఒక్క మాట నా చెవిన పడాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఇప్పటి వాళ్ళకి గేముతోపాటు పుస్తకం రావడమేమిటో తెలియదు. ఇప్పుడు ఫోనులో గేము దిగుతుంది, వేలు పెడితే బాణం గుర్తు చూపిస్తుంది, ఎక్కడ నొక్కాలో అదే చెబుతుంది. అప్పుడలా కాదు. గేము ఒక పెద్ద అట్టపెట్టెలో వచ్చేది. పెట్టె రేడియో అంత ఉండేది. లోపల డిస్కు అరచేతిలో పట్టేంత, మిగతా చోటంతా పుస్తకానిది. నేను మా ఊరి నుంచి రోజూ వెళ్ళివస్తూ పాలకొల్లులో ఒక స్కూల్లో గుమాస్తాగా చేస్తున్న రోజులవి. పని మీద రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక మేడ మీది కొట్లో ఆ పెట్టె కొన్నాను. తిరుగు బస్సులోనే పుస్తకం తీసి చదవడం మొదలెట్టాను. సిద్ధాంతం వంతెన మీదికి వచ్చేసరికి ఇరవయ్యో పేజీలో ఉన్నాను. పెనుగొండ దగ్గర పక్క సీటాయన ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏం పరీక్షకండి?"

"పరీక్షకి కాదండి. ఆట పుస్తకం."

"ఆటకి పుస్తకమేంటండి?"

"ఆట ఎలా ఆడాలో ఇందులో ఉంటుందండి."

ఆయన "మేం కబడ్డీ ఊరికే ఆడేశామండి" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ గేములో ఏడు దీవులు, వాటికొక రాజు. సముద్రం లోపలికి రాకుండా గట్లు వెయ్యాలి, కాలవలు తవ్వాలి, గోధుమ పండించాలి, పక్క దీవి వాళ్ళు పడవలేసుకుని వస్తే తరిమికొట్టాలి. కాలవ గట్టు మీద పెరిగినవాడికి ఇంతకంటే సొంతమైన ఆట ఏముంటుంది? పుస్తకం తొంభై పేజీలు. మొదటి ముప్పై పేజీల్లో ఆటే లేదు. ఆ దీవుల చరిత్ర, రాజుగారి తాత ఎద్దుల చేత మొదటి గట్టు ఎలా వేయించాడు, ఏ ఏడాది ఏ గండి పడింది, రాజుగారికి చలిజ్వరం ఎన్నిసార్లు వచ్చింది, అంతా రాశారు. తరవాత మట్టి రకాలు, గట్ల రకాలు, మడతపెట్టిన దీవుల పటం. మొదటి పేజీలో మొదటి వాక్యం, ఈ ఆట కొన్నందుకు మీకు మా అభినందనలు అని. అప్పటిదాకా నన్ను ఏ విషయానికీ ఎవరూ అచ్చులో అభినందించలేదు. ఆ తరవాతా అంతే.

మా ఊళ్ళో కరెంటు పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ మూడు గంటలు పోయేది. కరెంటు పోతే గేములో మిగిలేది ఆ పుస్తకమే. నేను గేము ఆడిన గంటల కంటే పుస్తకం చదివిన గంటలే ఎక్కువ. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, రేపు ఏ దీవిలో ఏ గట్టు వేయాలో నిర్ణయించుకునేవాడిని. కరెంటు వచ్చాక ఆడితే పుస్తకంలో ఉన్నంత బాగుండేది కాదు. తెర మీద రాజుగారు బియ్యపు గింజంత ఉండేవాడు. పుస్తకంలో ఆయనకి మీసాలు ఉండేవి.

ఇంకొక సంగతి ఉంది. గేము మొదలవ్వాలంటే ప్రతిసారీ తెర మీద ఒక ప్రశ్న వచ్చేది. పుస్తకంలో ఫలానా పేజీలో, ఫలానా లైనులో, ఫలానా మాట ఏమిటో టైపు చెయ్యమని. ప్రతిసారీ వేరే పేజీ, వేరే మాట. సరైన మాట కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. దొంగ కాపీలు తెచ్చుకున్న వాళ్ళు ఆడకుండా ఆ ఏర్పాటు. పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాడే అసలు యజమాని అని ఆ గేము నమ్మకం. నేనూ అలాగే నమ్మాను.

ఇక కోత పండుగ సంగతి. మా చర్చిలో పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరి మొదటి ఫలం వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. పొలమున్నవాళ్ళు ధాన్యం, లేనివాళ్ళు కోడో, గుమ్మడికాయో, కొబ్బరికాయలో, కనీసం నాలుగు గుడ్లో. ప్రార్థన అయ్యాక బయట షామియానా కింద అన్నిటినీ వేలం వేస్తారు. ఆ రోజు గుడ్డు కూడా కోడి ధర పలుకుతుంది. ఉత్తిచేతులతో రావడం మాత్రం మహా నామోషీ. వేలం పాటకి మైకు పట్టుకునేది మా బావగారు. ఆయన ప్రైమరీ స్కూలు టీచరు. మైకు లేకపోయినా రెండు వీధులకి వినపడే గొంతు. పైగా చర్చి కమిటీ సభ్యులు.

ఆ ఏడు ఆయన దేవుడి కోసమని మూడు నెలల నుంచి ఒక పుంజుని పెంచారు. దాని గురించి ఊరంతా చెప్పుకున్నారు. పండుగ రోజు పొద్దున్న కాళ్ళకి తాడు కడుతుంటే అది జారిపోయి రైసుమిల్లు కప్పెక్కింది. ఎంత పిలిచినా దిగలేదు. ఈ వివరాలు మా అక్క చెప్పినవి. ఆవిడ ఎప్పుడూ ఆయన పక్షమే కాబట్టి వీటిని నమ్మవచ్చు.

అప్పుడాయన మా ఇంటికి వచ్చారు. నేను స్నానం చేస్తున్నాను.

"ఏరా, ఇంకా తెమల్లేదా? దేవుణ్ణి నీ కోసం ఒక అరగంట ఆగమనమంటావా?" అని గొంతు వినపడింది.

"వచ్చేస్తున్నానండి బావగారూ" అన్నాను.

ఈ మాటలు అనుకుంటున్న సమయంలో ఆయన నా కంప్యూటర్ బల్ల దగ్గర నిలబడి ఉన్నారని నా వాదన. అరుగు మీదే నిలబడ్డానని ఆయన వాదన. అరుగు మీద నిలబడితే గొంతు వీధి గోడ వైపు నుంచి రావాలి. నాకు గది గోడ వైపు నుంచి వినపడింది. ఇంటి పటం గీసి, గొంతు వచ్చిన దారిని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, సంచికకి ఇచ్చిన పద్నాలుగు పేజీలకి జతపరిచాను. దాన్ని కూడా వాళ్ళు తిరిగివ్వలేదు.

చర్చి దగ్గర గుమ్మడికాయలు అయిపోయాయి, కోళ్ళు అయిపోయాయి. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. బావగారు మైకులో గొంతు సవరించుకున్నారు.

"తర్వాతి ఫలం! ఒక ఆంగ్ల గ్రంథం! తొంభై పేజీలు, కలరు అట్ట, లోపల పటం కూడా ఉందండి! మా ఇంటి నుంచి!"

ఆయన ఎత్తి చూపించిన అట్ట మీద మీసాలతో రాజుగారు. నేను లేచి నిలబడ్డాను.

"అది నాదండి!"

"బావమరిదిగారు పాట మొదలెట్టారు! ఎంతకు నీది? అంకె చెప్పాలి!"

షామియానా అంతా నవ్వారు. అక్క ఆడవాళ్ళ వైపు నుంచి కళ్ళతోనే కూర్చోమంది. నేను కూర్చోలేదు. ఈలోగా మా ఊరి రిటైరయిన హెడ్మాస్టారు చెయ్యెత్తారు. చర్చి పక్క గదిలో రీడింగ్ రూము నడిపేది ఆయనే.

"పుస్తకాన్ని కోడితోపాటు వేలం వేస్తారేంటండి? విద్యకి అవమానం. రీడింగ్ రూముకి ఇప్పించండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వేలం బల్ల మీంచి దాన్ని పట్టుకెళ్ళి మాస్టారి చేతిలో పెట్టారు. నా పక్క నుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అందేది. చర్చి దగ్గర లాక్కోవడం బాగుండదని ఊరుకున్నాను. అప్పటి నా మర్యాదని కూడా ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు.

భోజనాల దగ్గర బావగారిని పట్టుకున్నాను.

"బావగారూ, ఆ పుస్తకం నా బల్ల మీంచి తీశారు."

"మైకులో ఏమన్నానురా? 'మా ఇంటి నుంచి' అన్నానా లేదా?"

"అది మా ఇల్లండి."

"మీ అక్క పుట్టిల్లు నాకు పరాయిదా? ఏమే, విన్నావా మీ తమ్ముడి మాట? నేను పరాయివాణ్ణంట!"

"నేనలా అనలేదండి. తీశారా లేదా చెప్పండి."

"దేవుడి దగ్గరికెళ్ళినదాన్ని పట్టుకుని ఎవరు తీశారు, ఎక్కణ్ణుంచి తీశారు అనడమేంటి? కొబ్బరికాయల వాళ్ళెవరైనా నా కాయేదీ అని వెనక్కొచ్చారా? తిను, సాంబారు చల్లారిపోతోంది."

అలా ఆయన నా విస్తట్లో సాంబారు పోయించి వెళ్ళిపోయారు. అది జవాబు కాదని అప్పుడే చెప్పాను.

మర్నాడు రీడింగ్ రూముకి వెళ్ళాను. మాస్టారు అప్పటికే పుస్తకానికి ఖాకీ అట్ట వేసి, వెన్ను మీద అంకె రాసి, రిజిస్టరులో ఎక్కించేశారు. దాత అన్న గడిలో మా బావగారి పేరు ఉంది. వర్గం అన్న గడిలో వ్యవసాయం అని ఉంది.

"మాస్టారూ, ఇది నా పుస్తకమండి. పొరపాటున వచ్చింది."

"దేవుడికిచ్చింది పొరపాటంటావేంటయ్యా?"

"ఇచ్చింది నేను కాదు కదండి."

"ఇంకేం మరి? నువ్వివ్వలేదు కాబట్టి నీది కాదు. కూర్చుని చదువుకో, ఎవరొద్దన్నారు? బయటికి మాత్రం ఇవ్వను. ఇంగ్లీషు పుస్తకాలు వెళ్తే తిరిగి రావు."

ఇప్పుడు నా పరిస్థితి గమనించండి. గేము ఇంట్లో ఉంది. దాని తలుపు తెరిచే మాట రీడింగ్ రూములో ఉంది. రీడింగ్ రూము తెరిచేది సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. కరెంటు పోయేది నాలుగు నుంచి ఏడు దాకా. స్కూలు నుంచి ముందే వచ్చేసి, మూడున్నరకి ప్రశ్న చూసి కాగితం మీద రాసుకుని, సైకిలు మీద వెళ్ళి మాట పట్టుకుని వచ్చేసరికి కంప్యూటర్ చచ్చి ఉండేది. ఏడింటికి కరెంటు వచ్చాక అది వేరే ప్రశ్న అడిగేది. ఇలా నలభై రోజులు వెళ్ళాను. నలభై సరైన జవాబులు నా దగ్గర ఉన్నాయి, ఒక్కదానికీ ప్రశ్న లేదు. కరెంటాఫీసుకి అర్జీ పెట్టాను. రీడింగ్ రూము వేళలు మార్చమని మాస్టారికి అర్జీ పెట్టాను. అందరూ కరెంటు లేనప్పుడే చదువుకోవడానికి వస్తారని మాస్టారు అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది.

జిరాక్సు తీయించడానికి పాలకొల్లు పట్టుకెళ్ళాలి. దానికి ఆయన ఒప్పుకోలేదు. చేత్తో రాసుకోమన్నారు, అదీ పెన్సిలుతో. పెన్ను అయితే పుస్తకం మీద చుక్క పడుతుందట. రోజుకి రెండేసి పేజీల చొప్పున తొంభై పేజీలూ రాశాను. మంచి రూళ్ళ పుస్తకంలో, మార్జిను కొట్టి, పరీక్ష పేపరులా శుభ్రంగా. అయిపోయిన రోజు ఏడింటి దాకా ఆగి కంప్యూటర్ పెట్టాను. పన్నెండో పేజీ, ఆరో లైను, మూడో మాట అంది. చూసి కొట్టాను. తప్పంది. మళ్ళీ కొట్టాను. తప్పంది. అప్పుడు తెలిసింది. నా చేతిరాత పెద్దది. వాళ్ళ ఒక లైను నాకు రెండు లైన్లయింది, వాళ్ళ తొంభై పేజీలు నాకు నూట అరవై అయ్యాయి. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ దాని స్థానంలో లేదు.

మళ్ళీ వెళ్ళి, ఈసారి లైను పక్కన లైను అంకె వేసి రాసుకుంటానని అడిగాను.

"మొన్నే కదయ్యా మొత్తం రాసుకున్నావు? మళ్ళీ ఎందుకు? రాసి ఎక్కడైనా అమ్ముతున్నావా?" అన్నారు మాస్టారు.

ఈలోపల ఊరు ఆ పుస్తకాన్ని చదవడం మొదలెట్టింది. సాయంత్రం కరెంటు పోయినప్పుడల్లా పొలాల వాళ్ళు రీడింగ్ రూము అరుగు మీదికి చేరేవారు. మాస్టారు మట్టి రకాల అధ్యాయాన్ని తెలుగులో చెప్పేవారు. మూడు పొలం చెక్కల్లో ఏటా ఒక చెక్కని బీడు వదలాలి, లేకపోతే మట్టి అలిసిపోతుందని అందులో రాజుగారి ఆజ్ఞ ఒకటి ఉంది. దాని మీద వారం రోజులు గొడవ.

"బీడు వదలమంటే? దాళ్వా మానేసి ఏడాదికి ఒక్క పంటే వేసుకోమంటాడా ఆయన?" అన్నాడొక రైతు.

"ఆయన అనుభవం మీద చెబుతున్నాడండి. వాళ్ళ తాతగారి దగ్గర్నుంచీ గట్లు వేసిన కుటుంబం" అన్నారు మాస్టారు.

"రాజుగారంటున్నారు, మొగల్తూరు వైపు వాళ్ళా?"

"కాదండి, దీవుల వైపు."

"లంకల్లో పండించడం వేరండి, మనది వేరు. ఆయన్నొకసారి వచ్చి మన శివారు చూసి చెప్పమనండి."

నేను అడ్డం వెళ్ళి, ఆ మట్టి అంతా కంప్యూటర్‌లో మట్టండి, అలిసిపోవడానికి అక్కడేమీ లేదండి అని చెప్పాను. నేను పుస్తకం మీద ఈర్ష్యతో మాట్లాడుతున్నానని అనుకున్నారు. ఒక్కాయన మాత్రం మాస్టారి మాట మీద గౌరవం కొద్దీ ఆ ఏడు దాళ్వాకి తన మూడు చెక్కల్లో ఒకటి వదిలేశాడు. సరిగ్గా కోతల్లో వాన పడింది. ఊళ్ళో వరి పనలన్నీ నానిపోయాయి. ఆయన వదిలేసిన చెక్కలో తడవడానికి ఏమీ లేదు. పుస్తకంలో ముందే రాసి ఉందని ఊరంతా అన్నారు. ఆయనవి మిగతా రెండు చెక్కలూ తడిశాయి కదండీ అని నేనంటే ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచీ ఆ పుస్తకానికి అద్దాల బీరువాలో చోటిచ్చారు. తాళం వేశారు.

ఆ తరవాత చర్చి పిల్లలకి క్విజ్ పెట్టారు. సముద్రానికి అడ్డంగా మొదటి గట్టు వేసిన రాజు ఎవరు అని మాస్టారు అడిగారు. మా అక్క కూతురు లేచి టకీమని చెప్పింది. దానికి స్టీలు కారియరు బహుమతి ఇచ్చారు. బావగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"ఆ రాజు లేడండి మాస్టారూ."

"లేడని నువ్వు చూశావా?"

"అది ఆట కోసం ఎవరో అల్లిన కథండి."

"తొంభై పేజీలు అచ్చేసి, దీవుల పటం గీసి, మట్టి రకాలు రాసి, రాజుగారి జ్వరాలు కూడా లెక్కపెట్టి, అదంతా ఆటంటావా? ఆట కోసం ఇంత శ్రద్ధ ఎవరు పెడతారయ్యా?"

అంత శ్రద్ధ పెట్టారనే కదా నేను దాన్ని బస్సులో కళ్ళు నొప్పెట్టేలా చదివింది. కానీ నా పుస్తకం గొప్పతనాన్ని నా మీదే ప్రయోగించడం అన్యాయం. బావగారు పక్క నుంచి "కూర్చోరా, పాప బహుమతి పాడుచెయ్యకు" అన్నారు. నేను పాపని ఏమీ అనలేదు. ఆ కారియరు నిజానికి నాకు రావలసిందని మాత్రం అన్నాను.

ఏళ్ళు గడిచాయి. కంప్యూటర్ పోయింది, పెట్టెని చెదలు తినేశాయి. మాస్టారు కాలం చేశారు. కోత పండుగ వచ్చిన ప్రతిసారీ నేను బావగారికి ఒక ఉత్తరం రాస్తూనే ఉన్నాను. రెండు వీధుల దూరమైనా రిజిస్టరు పోస్టులోనే వేస్తాను, ముట్టినట్టు రుజువు ఉండాలని. అవన్నీ ఆయనకి ముట్టాయి. పోస్టుమాన్‌కి టీ ఇచ్చి మరీ తీసుకుంటారట. జవాబు మాత్రం రాయరు.

ఒకరోజు మా మేనకోడలు, కారియరు గెలిచిన అమ్మాయే, రాజమండ్రి నుంచి ఫోను చేసింది. ఇప్పుడది అక్కడ లెక్చరరు.

"మావయ్యా, మీకొకటి పంపించాను, చూశారా? మీ గేము పుస్తకం మొత్తం నెట్లో ఉంది. పీడీఎఫ్."

"చూశాను."

"గేము కూడా ఉంది మావయ్యా, ఉచితంగా. ఇప్పుడు ప్రశ్నలేమీ అడగదు, తిన్నగా లోపలికి వెళ్ళిపోతుంది. ఇంక నాన్నతో గొడవ ఆపేస్తారా?"

"పీడీఎఫ్‌ని ఎవరూ నా బల్ల మీంచి తియ్యలేదు కదమ్మా."

అది "నాన్న చెప్పింది నిజమే" అంది. ఏం చెప్పారో చెప్పమన్నాను. సిగ్నల్ లేదని పెట్టేసింది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రే ఫోనులో దాన్ని తెరిచాను. రాజుగారు ఉన్నారు, మీసాలు ఉన్నాయి. రెండు వేళ్ళతో లాగితే మీసాలు పెద్దవయ్యాయి, రాజుగారు తెర బయటికి పోయారు. పటం మడత విప్పడానికి మడతే లేదు. ఎడమ పేజీ ఒకసారి, కుడి పేజీ ఇంకోసారి. అభినందనలు మాత్రం ఉన్నాయి. కానీ ఈసారి నేను ఏమీ కొనలేదు కాబట్టి అవి నాకు కావనిపించింది.

ఇక ఈ ఏడు జరిగినది. రీడింగ్ రూము కప్పు కారుతోందని, దాన్ని తీసేసి భోజనాల షెడ్డు వేస్తామని కమిటీ తీర్మానించింది. బీరువాలో పుస్తకాలన్నీ కోత పండుగలో వేలం. నేను తొమ్మిదింటికల్లా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. మైకు యథాప్రకారం బావగారి చేతిలో ఉంది. రిటైరయ్యారు గానీ గొంతు రిటైరవలేదు.

"తర్వాతిది, ఒక ఆంగ్ల గ్రంథం! దీన్ని గురించి మన ఊళ్ళో చెప్పక్కర్లేదు!"

"యాభై" అన్నాను.

"యాభై! మా బావమరిదిగారు యాభై! ఈ పుస్తకం మీద ఆయన పోస్టు స్టాంపులకే అంతకు పదింతలు ఖర్చుపెట్టారండి! ఎవరైనా ఉన్నారా?" ఎవరూ లేరు. నేను లేవబోయాను. బావగారు మైకులోనే "వంద" అన్నారు.

"మైకు పట్టుకున్నవారు పాడకూడదండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆయన మైకు పక్కాయన చేతికిచ్చి, "వంద" అని, మళ్ళీ మైకు తీసుకుని, "వంద ఒకటోసారి!" అన్నారు. నేను నూట యాభై అన్నాను. ఆయన మైకు ఇచ్చారు, రెండు వందలన్నారు, మైకు తీసుకున్నారు. ఇలా ఏడెనిమిదిసార్లు మైకు ఆ చేతికీ ఈ చేతికీ తిరిగింది. పిల్లలు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. చివరికి మా అక్క ఆడవాళ్ళ వైపు నుంచి లేచి అందరి మధ్యలోంచి నా దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, నువ్వాపు. ఆయనెలాగూ ఆపరు. పరువు తీస్తున్నారు ఇద్దరూ. ఇంటికొచ్చాక అడిగి తీసుకుందువుగాని."

అక్క మాట కాదనలేక ఆపాను. పుస్తకం బావగారికి దక్కింది.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక ఆయన మా ఇంటికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పుస్తకం. అరుగు మీద రెండు కుర్చీల మధ్య స్టూలు మీద పెట్టారు. మాస్టారు వేసిన ఖాకీ అట్ట నల్లబడింది. మూలలు చెదలు కొరికాయి. లోపల పటం ఉందో లేదో చూడాలని చెయ్యి లాగింది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"ఇదిగో. నీ కోసమే పాడాను. తీసుకో."

"తీశానని చెప్పండి, తీసుకుంటాను."

"ఏంట్రా నీ మొండితనం? 'బావగారూ, ఇవ్వండి' అని ఒక్కసారి అను. ఇచ్చేస్తాను."

"నాది నేను అడుక్కోవడమేంటండి?"

"నీదైతే నువ్వెందుకు పాడావు వేలంలో?"

"మీదైతే మీరెందుకు పాడారు?"

ఆయన టీ తాగారు. నేనూ తాగాను. మా ఆవిడ వచ్చి ఇద్దరికీ ఉప్మా పెట్టింది. స్టూలు మీద పుస్తకం ఉందని, పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. వెళ్ళేటప్పుడు ఆయన పుస్తకాన్ని మళ్ళీ కవర్లో పెట్టుకుని పట్టుకెళ్ళిపోయారు.

అప్పటి నుంచీ ప్రతి ఆదివారం వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులు, కర్ర ఊతం. అయినా కవరు మర్చిపోరు. స్టూలు మీద పెడతారు, టీ తాగుతారు, వరి ధర గురించీ కాలవకి నీళ్ళు కట్టేసే తేదీ గురించీ మాట్లాడతారు, పట్టుకెళ్ళిపోతారు. మొన్న వాన పడితే కవరుకి కవరు తొడిగి తెచ్చారు. ఒక ఆదివారం ఒంట్లో బాగోలేక రాలేదు. ఆ రోజు నేను స్టూలు లోపల పెట్టలేదు, చీకటిపడేదాకా అక్కడే ఉంచాను. అది వేరే విషయం. దాని వల్ల నా వాదన బలహీనపడదు.

ఆయన డెబ్భైకి దగ్గరపడుతున్నారు. నా వయసూ తక్కువేమీ కాదు. దాత గడిలో పేరు దిద్దాల్సిన మాస్టారు లేరు, ఆ రిజిస్టరు ఎక్కడుందో కమిటీకే తెలియదు. ఆ ఉదయం మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అందుకని ఉత్తరంలో కాకుండా, పదిమందీ చదివే చోట అడుగుతున్నాను. బావగారూ, ఆ పుంజు మిల్లు కప్పెక్కిన పొద్దున్న, నేను స్నానం చేస్తుండగా, నా కంప్యూటర్ బల్ల మీంచి ఆ పుస్తకం మీరు తీశారా, లేదా? దేవుడి సంగతి వద్దు, అక్క పుట్టింటి సంగతి వద్దు, సాంబారు సంగతి అసలే వద్దు. వచ్చే ఆదివారం టీ తాగే ముందే చెప్పాలి. జవాబు ఒక్క మాట చాలు.